ఆపినా ఆగని అయస్కాంతం



దసరా సెలవుల్లో మా అవ్వకి నడుం నొప్పి ఎక్కువైతే పట్నంలో ఎమ్మారై స్కాన్ తీయించారు. గదిలోకి పోకముందే కడియాలు, ముక్కుపుడక తీసెయ్యమన్నారు. పెళ్ళప్పటి నుంచి తియ్యని ముక్కుపుడక అది. అవ్వ ఏడ్చింది. "మిషన్ ఇంకా మొదలుపెట్టలేదు కదా సార్, అప్పుడే ఎందుకు?" అని అడిగాను. "ఇందులో అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుందమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. బడికొచ్చాక సైన్సు మేడమ్‌ని అడిగి తెలుసుకున్నది మీకు రాస్తున్నాను.

మనం మేకుకి రాగి తీగ చుట్టి బ్యాటరీ పెట్టాం, గుర్తుందా? గుండుసూదులు అంటుకున్నాయి. తీగ వేడెక్కింది. బ్యాటరీ తీసేస్తే సూదులు రాలిపోయాయి. రాగి తీగ కరెంటుని కొంచెం అడ్డుకుంటుంది. దీన్నే నిరోధం అంటారు. అందుకే బ్యాటరీ లేకపోతే కరెంటు వెంటనే ఆగిపోతుంది.

1911లో హాలెండులో కామర్లింగ్ ఆనెస్ అనే శాస్త్రవేత్త పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచారు. అప్పుడు దాని నిరోధం మొత్తం మాయమైంది! ఇదే అతివాహకత్వం. అతివాహక తీగని చుట్టగా చుట్టి, కరెంటు పంపి, రెండు కొసలు కలిపేస్తే ఇక బ్యాటరీ తీసేసినా కరెంటు తిరుగుతూనే ఉంటుంది. కరెంటు తిరిగినంత కాలం అది అయస్కాంతమే.

అయితే ఒక చిక్కు ఉంది. అయస్కాంతానికీ అతివాహకానికీ పడదు. 1933లో జర్మనీలో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ దీన్ని కనిపెట్టారు. లోహం అతివాహకంగా మారగానే తన లోపలి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. దాని పైపొరలో కరెంటు పుట్టి ఎదురు అయస్కాంతంలా పనిచేస్తుంది. అందుకే అతివాహకం మీద చిన్న అయస్కాంతాన్ని పెడితే గాలిలో తేలుతుంది. కానీ అయస్కాంతం బలం మరీ పెరిగితే అతివాహకమే ఓడిపోయి మామూలు లోహం అయిపోతుంది. ఆనెస్ సీసం తీగతో పెద్ద అయస్కాంతం చెయ్యాలనుకున్నారు. కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే సీసం ఓడిపోయింది.

మరి ఆస్పత్రి మిషన్ ఎలా పనిచేస్తుంది? అందులో తీగ నియోబియం, టైటానియం కలిపిన మిశ్రమ లోహం. అది క్షేత్రాన్ని పూర్తిగా నెట్టెయ్యదు. సన్నని పోగుల్లాగా అక్కడక్కడ లోపలికి రానిస్తుంది. చెరువులో వెదురు కర్రలు పాతినట్టు అనుకోండి. కర్ర ఉన్నచోట నీళ్ళుండవు, మధ్యలో అంతా నీళ్ళే. అలాగే పోగుల మధ్య అంతా అతివాహకమే. పోగులు కదలకుండా నాటుకుని ఉంటే కరెంటుకి అడ్డం లేదు. ఆ తీగని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. చాలా ఆస్పత్రుల్లో ఈ అయస్కాంతం బలం 1.5 టెస్లా. అంటే భూమి అయస్కాంతం కంటే సుమారు 30 వేల రెట్లు!

అందుకే స్కాన్ లేనప్పుడు కూడా ఆ గదిలోకి ఇనుప వస్తువు తీసుకుపోకూడదు. ఇనుప సిలిండర్‌ని కూడా లాగేస్తుంది. వెండి, బంగారం అంటుకోవు గానీ స్కాన్ జరిగేటప్పుడు వేడెక్కవచ్చు, బొమ్మ చెడిపోవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా స్కాన్‌కి వెళ్తే ఇది ముందే చెప్పండి. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, ఇనుప ముక్క గానీ ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఆ రోజు అవ్వకి ఎవరూ ఏమీ చెప్పలేదు, నాకూ చెప్పడం రాలేదు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు చెరువు, వెదురు కర్రల లెక్కన మా భాషలో చెప్తాను.

– 9వ తరగతి విద్యార్థిని