తినే బొమ్మకు తేలికే బలం

పుట్టినరోజు కేకు మీద ఏనుగునో, రైలింజనునో నిలబెట్టాలని చాలామంది సరదాపడతారు. తీరా నిలబెట్టాక ఏనుగు కాళ్లు కేకులోకి దిగబడిపోతాయి. ఇందులో చేతి లోపం కన్నా లెక్క ఎక్కువ. బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే, పొడుగూ వెడల్పూ అదే పాళ్లలో పెరుగుతాయి గనుక బరువు ఎనిమిది రెట్లవుతుంది. దాన్ని మోసే పాదాల వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా భారం రెట్టింపు! మెత్తటి కేకు అంత భారం ఎక్కడ మోస్తుంది? కాబట్టి బొమ్మ లోపలి భాగం తేలిగ్గా ఉండాలి, తినడానికీ పనికిరావాలి.

ఇందుకు మన మరమరాలే చక్కగా సరిపోతాయి. సీమ మిత్రులు వీటినే బొరుగులంటారు. ఉప్పుడు బియ్యాన్ని బాగా కాలిన ఇసుకలో వేసి కలియబెడితే గింజలోని తేమ ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆ తోపుడుకు, వేడికి మెత్తబడ్డ పిండిపదార్థం ఉబ్బి, చల్లారగానే అలాగే బిగుసుకుంటుంది. పరిమాణంలో చూస్తే మనం నమిలేది సగానికి పైగా గాలే.

అమెరికాలో 1939లో కెల్లాగ్ కంపెనీ ఉద్యోగినులు మిల్డ్రెడ్ డే, మలీటా జెన్సెన్ ఇలా ఉబ్బించిన బియ్యాన్ని, వెన్నతో కరిగించిన మార్ష్‌మాలోలో కలిపి ఒక మిఠాయి చేశారు. కేకు బొమ్మలు చేసేవాళ్లు దాన్నే బొమ్మల ముద్దగా వాడుకుంటున్నారు. ఉబ్బిన బియ్యం 6 కప్పులు, మార్ష్‌మాలో 280 గ్రాములు, వెన్న 3 టేబుల్ స్పూన్లు మామూలు పాళ్లు. బొమ్మలకైతే వెన్న తగ్గించాలి, లేకపోతే ముద్ద జారుతుంది. సన్నసెగ మీద కరిగించి, గోరువెచ్చగా ఉండగానే గట్టిగా అదిమి ఆకారం తేవాలి. పూర్తిగా చల్లారాకే పైన చక్కెర ముద్దను పల్చగా తొడగాలి.

ఒక్క సంగతి మరవకూడదు. మార్ష్‌మాలోలో సాధారణంగా ఉండే జిలాటిన్‌ను పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. శాకాహారులకు ముందే చెప్పి తీరాలి. లేదంటే మన అమ్మమ్మల బెల్లం పాకం ఉండనే ఉంది. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టేదాకా కాచి, మరమరాలు పోసి కలపడమే. పాకం త్వరగా బిగుస్తుంది గనుక నెయ్యి రాసిన అచ్చు ముందే సిద్ధంగా ఉండాలి. బెల్లం తేమను పీలుస్తుంది. వానాకాలంలో బొమ్మ మెత్తబడకుండా గాలి చొరని డబ్బాలో ఉంచాలి.

మా రైతుల ఇళ్లల్లో ధాన్యాన్ని తూకం వేసి అమ్ముతాం. తూకం తగ్గితే డబ్బు తగ్గుతుంది. అదే గింజ బట్టీలో తేలికయ్యాక కిలో ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర మాత్రం రైతింటికి రాదు. బట్టీ దాకా, మిఠాయి దాకా గింజ వెంట మనమే ఎందుకు వెళ్లకూడదు? సైన్సు చదువుతున్న రైతుబిడ్డలం ఆలోచించవలసిన విషయమిది.