గాలికి పద్దు వ్రాసిన మనిషి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునన్న మాట తెలుగుదేశమున పుట్టినది నిన్న మొన్న కాదు. అందుచేత భూమి వేడెక్కుచున్నదని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు, వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "మా తాతగారి నాడు ఎండలు లేవా అండీ?" అని అడిగినచో దానిని అల్లరి క్రింద కొట్టివేయరాదు. అది మంచి ప్రశ్న. ఆ నాడును ఎండలు ఉన్నవి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రములలోను వడగాడ్పులకు వేయిమందికి మించి మరణించిరి. ఆ వార్త చదివి, ఇదంతయు భూతాపము వలననే యని తేల్చి చెప్పుట తొందరపాటు. ఒక వేసవి సాక్ష్యము కాదు. ఒక చలికాలము దానికి ఎదురు సాక్ష్యమును కాదు. సంసారము అప్పులో ఉన్నదో మిగులులో ఉన్నదో తెలియవలెనన్నచో ఒకనాటి సంత ఖర్చు చూచిన చాలదు. ఏండ్ల తరబడి వ్రాసిన చిట్టా చూడవలెను.

అట్టి చిట్టా గాలికి ఒకటి ఉన్నది. దానిని తెరచినవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు.

అతనికి పూర్వము ఈ విషయమును ఎవరును ఎరుగరని కాదు. 1856లో యూనిస్ ఫుట్ అను అమెరికా మహిళ గాజు గొట్టములలో వేర్వేరు వాయువులను నింపి ఎండలో ఉంచి చూచినది. మన పాతపుస్తకములు బొగ్గుపులుసు గాలి యని పిలిచిన కార్బన్ డై ఆక్సైడ్ నింపిన గొట్టము అన్నిటికంటె ఎక్కువ కాగినది. నీడకు తెచ్చిన పిమ్మట చల్లారుటకును ఎక్కువ కాలము పట్టినది. ఈ వాయువు హెచ్చుగా ఉన్న భూమి మరింత వేడిగా ఉండునని ఆమె అప్పుడే సూచించెను. మూడేండ్లకు లండనులో జాన్ టిండల్ దానిని మరింత నిక్కచ్చిగా కొలిచి చూపెను. సూర్యుని వెలుతురు ఈ వాయువు గుండ దూసుకొని వచ్చును. కాగిన నేల తిరిగి పైకి పంపు వేడిమిని మాత్రము అది కొంత పట్టి నిలుపును. 1896లో స్వీడనుకు చెందిన అర్హీనియస్, గాలిలో ఈ వాయువు రెట్టింపైనచో భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కునో నెలల తరబడి చేతితో గుణించి లెక్క కట్టెను. 1938లో గై కాలెండర్ అను ఆంగ్ల ఇంజనీరు, ఆవిరి యంత్రముల పనిలో ఉండియు తీరిక వేళలలో లోకమునందలి ఉష్ణోగ్రతల పట్టికలను కూర్చి, భూమి ఇదివరకే వేడెక్కుట మొదలైనదని ప్రకటించెను. పండితులు మర్యాదగా విని నమ్మక ఊరకుండిరి. వింత యేమనగా, ఆ వేడిమి మేలే చేయునని కాలెండర్ తలచెను. హిమయుగము మరల రాకుండ అడ్డుపడునని అతని ఆశ. లెక్క సరియైనది, జోస్యము తప్పినది. శాస్త్రమున ఇట్టివి కొత్త కాదు.

పండితుల సందేహమునకు కారణము లేకపోలేదు. గాలిలోని బొగ్గుపులుసు ఎంతయో ఎవరికిని సరిగా తెలియదు. ఒక్కొక్కరు కొలిచిన ఒక్కొక్క లెక్క వచ్చుచుండెను. పైగా, మనుష్యులు ఎంత బొగ్గు కాల్చినను సముద్రము దానిని త్రాగివేయునన్న ధీమా ఒకటి.

1955లో కీలింగ్ వయస్సు ఇరువది యేడు. చదువు ముగించి కాలిఫోర్నియాలో పరిశోధనలో ఉన్నవాడు. కొలుచుటకు తగిన పరికరము దొరకక తానే ఒకటి నిర్మించుకొనెను. గాజు కుప్పెలు వెంటబెట్టుకొని అడవులలో డేరా వేసికొని, రాత్రింబగళ్లు కొన్ని గంటల కొకసారి లేచి గాలిని పట్టెను. అంత తరచుగా కొలువుమని అతనిని ఎవరును అడుగలేదు. ఆ అనవసరమైన శ్రద్ధ నుండియే అసలు సంగతి బయటపడినది. రాత్రులు చెట్ల ఊపిరి వలన అంకెలు ఎగుడు దిగుడుగా ఉండెను గాని, మధ్యాహ్నపు గాలి ఎచ్చట పట్టినను పదిలక్షల పాళ్లలో ఇంచుమించు 310 పాళ్లే ఉండెను. లోకమున కంతకు ఒకటే గాలి; సరియైన చోట, సరియైన వేళ కొలిచిన ఒకటే అంకె.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము 1957లో మొదలయ్యెను. అప్పటికి కీలింగ్ స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో చేరియుండెను. ఊళ్లకు, పొగలకు, చెట్లకు దూరముగా, పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి ద్వీపములో, సుమారు 11,000 అడుగుల ఎత్తున మౌనా లోవా పర్వతము మీద అతని యంత్రము నిలిచెను. 1958 మార్చిలో మొదటి పద్దు పడినది: 313 పాళ్లు. మే వరకు అంకె పెరిగెను. నడుమ విద్యుత్తు పోయి యంత్రము ఆగెను. తిరిగి నడచునప్పటికి అంకె క్రిందికి దిగియుండెను. యంత్రము చెడినదో, గాలియే నిలకడ లేనిదో తెలియక కీలింగ్ కలవరపడెను. మరుసటి యేడును అదే తీరు. అప్పుడు తెలిసినది: ఉత్తరార్ధ గోళమునందలి అడవులు, పచ్చికలు వసంతమున చిగిర్చి ఆ వాయువును లోనికి పీల్చును; ఆకు రాలి కుళ్లినప్పుడు తిరిగి విడిచిపెట్టును. భూమి ఏడాది కొక ఊపిరి తీయుచున్నది. దానిని అంకెలలో చూచిన మొదటి మనిషి అతడే.

అయితే విడిచిన ఊపిరి పీల్చిన దానికి సరిపోలేదు. ప్రతి యేడు అంకె పోయిన యేటికంటె కొంచెము పైన ఆగెను. 1959లో సగటు 316. కీలింగ్ మరణించిన 2005లో 380. 2024లో 424కు మించినది. అంటార్కిటికా మంచును లోతుగా తొలిచి తీసిన బొందులలో పాతకాలపు గాలి బుడగలుగా చిక్కియున్నది. ఎనిమిది లక్షల యేండ్ల ఆ గాలిలో ఎన్నడును 300 పాళ్లు దాటిన జాడ లేదు.

ఇచ్చట కుర్రవాడు మరల లేవవచ్చును. "మౌనా లోవా అగ్నిపర్వతము గదా! ఆ పొగ యంత్రములోనికి పోలేదా?" ఇదియు మంచి ప్రశ్నయే. పర్వతపు బిలముల వైపు నుండి గాలి వీచినప్పుడు అంకె గెంతులు వేయును గనుక ఆ పద్దులను గుర్తించి తీసివేయుదురు. దక్షిణ ధ్రువమున, అగ్నిపర్వతములు లేని మరి యనేక చోట్ల కొలిచినను అదే పెరుగుదల కానవచ్చును. మొత్తము అగ్నిపర్వతములు ఏటేట విడుచునది మనుష్యులు విడుచు దానిలో నూరింట ఒక పాలు కూడ కాదు.

నేరస్థుని పట్టించు గుర్తులు వేరే ఉన్నవి. కోట్ల యేండ్లు నేలలో మగ్గిన బొగ్గులో రేడియో కార్బన్ నశించి యుండును. బొగ్గు కాలిన కొలది గాలిలోని కార్బనులో దాని పాలు పలుచబడుటను 1955లోనే హాన్స్ సూయెస్ చూపెను. రెండవ గుర్తును కీలింగ్ కుమారుడు రాల్ఫ్ పట్టెను. ఏది కాలవలెనన్నను ప్రాణవాయువు కావలెను. కాబట్టి ఇది మంటల పనియే యైనచో గాలిలో ప్రాణవాయువు తగ్గవలెను. తగ్గుచున్నది. తగ్గుట మన ఊపిరికి చేటు తెచ్చునంత కాదు, కొలుచుటకు మాత్రము చాలును.

వేడిమి సూర్యునిదే యని వాదించువారికి సమాధానము ఆకాశముననే ఉన్నది. సూర్యుడు మండిపడుచున్నచో గాలి పొరలన్నియు పైనుండి క్రింది వరకు కాగవలెను. బొగ్గుపులుసు కారణమైనచో క్రింది పొర వేడెక్కి, పై పొర చల్లబడవలెనని స్యుకురో మనాబే 1967లో లెక్క కట్టి చూపెను. 1979 నుండి ఉపగ్రహములు కొలుచుచున్నవి: క్రింద వేడి, పైన చలువ. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఇక సందేహమునకు చోటే లేదా? ఉన్నది, కాని దాని చోట అది ఉండవలెను. ఈ వాయువు రెట్టింపైనచో భూమి ఇంచుమించు 3 డిగ్రీలు వేడెక్కునని నేటి అంచనా. అది రెండున్నర కావచ్చును, నాలుగు కావచ్చును. మేఘముల నడత ఇంకను పూర్తిగా అంతు చిక్కలేదు. వేడెక్కుచున్నదా, కారణమెవరు అను ప్రశ్నలు మాత్రము ఆ కోవలోనివి కావు. 1850-1900 నాటి సగటు కంటె 2024 సంవత్సరము ఒకటిన్నర డిగ్రీలు హెచ్చుగా గడచినదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించెను. తాతగారి నాడు ఎండలు ఉన్నవి; ఇప్పుడు ఎండకు నిలిచిన పీట ఎత్తైనది.

చేయదగిన దేమి? ఈ మాట రాగానే మొక్కలు నాటవలెనని తరగతి అంతయు ఏకకంఠముతో పలుకును. చెట్టు నీడ నిచ్చును, వాన నీటిని నిలుపును, దానిని కాదనువారు లేరు. కాని కీలింగ్ చిట్టానే చూచిన, ఉత్తరార్ధ గోళపు పచ్చదనమంతయు కలిసి ఏటేట పీల్చి తిరిగి విడుచునది మౌనా లోవా అంకెలలో ఆరేడు పాళ్లు మాత్రమే. 2024లో ఒక్క యేటనే పెరిగినది 3 పాళ్లకు పైగా. బొగ్గు కాల్చుట మానక మొక్కలు మాత్రము నాటుట, చిల్లికుండకు గంధము పూసినట్లుండును.

లెక్కలు వేయించుట మేలు. ఒక లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగును. కాలినప్పుడు అందుండి వచ్చు బొగ్గుపులుసు 2.3 కిలోలు. బరువు ఎట్లు పెరిగినదని అడిగినచో, గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలిసినదని రసాయన పాఠము చదివిన విద్యార్థి తానే చెప్పగలడు. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన ఏటికి 109 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 16 యూనిట్లు. బొగ్గుతో తీసిన యూనిట్ ఒకటికి ఇంచుమించు ఒక కిలో వాయువు. అనగా ఒక్క బల్బు మార్చిన ఏటికి తొంబది కిలోలు మిగులును. సగటు భారతీయుని వంతు ఏటికి సుమారు 2 టన్నులే గనుక అది చిన్నది కాదు. సగటు అమెరికనుని వంతు 14 టన్నులు. తగ్గించవలసిన బరువు ముందుగా ఎవరి భుజము మీద ఉన్నదో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

అయినను బల్బులతో పని తీరదు. లోకము ఏటేట కాల్చు ఇంధనముల నుండి వెలువడునది 3,700 కోట్ల టన్నులు. విద్యుత్తు పుట్టుట యందే మార్పు రావలెను. 2025 నాటికి మనదేశమున విద్యుత్కేంద్రముల సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, గ్యాసుతో సంబంధము లేనిదైనది. కాని నిజముగా పుట్టిన కరెంటులో 2024లో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. సూర్యుడు రాత్రి పనిచేయడు గదా! పగటి కరెంటును నిలువచేయు ఉపాయము కావలెను. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములోని యంత్రములు నీటితో విద్యుత్తు తీయుటయే కాక, క్రింది నీటిని తిరిగి పైకి తోడుటకు కూడ ఏర్పడినవి. మన దగ్గర ఉన్న ఈ యుక్తికి ఇప్పుడు విలువ పెరిగినది.

గోదావరి, కృష్ణా డెల్టాల రైతునకు మరియొక పని ఉన్నది. మడిలో నీరు నిలిచియుండిన అడుగున గాలి ఆడక మీథేను పుట్టును. అది బొగ్గుపులుసు కంటె ఎన్నో రెట్లు వేడిమిని పట్టును. నీటిని ఎడతెగక నిలుపక, మధ్య మధ్య ఆరగట్టి తిరిగి పెట్టిన మీథేను సగము వరకు తగ్గును, నీరును కలిసివచ్చును. అయితే అందరి చేలకు ఒకే కాలువ నీరు వచ్చుచోట ఒక్క రైతు తలచిన చాలదు. కాలువకు వంతులు ఏర్పరచువారు కూడ తలచవలెను.

కీలింగ్ జీవితమున సగము శ్రమ కొలుచుటకు కాక, కొలువనిమ్మని వేడుటకు పోయినది. 1964లో ఖర్చు తగ్గించిరని మౌనా లోవా యంత్రము కొన్ని నెలలు ఆగినది. ఆ చిట్టాలో ఆ ఖాళీ నేటికిని కానవచ్చును. ఇది శాస్త్రము కాదు, దినచర్య మాత్రమేనని ధనమిచ్చువారు అతనితో పలుమార్లు వాదించిరి. 1998లో వ్రాసిన ఆత్మకథకు అతడు, భూమిని కనిపెట్టి చూచుటలోని ఫలములు, శిక్షలు అని అర్థము వచ్చు పేరు పెట్టెను. 2022 నవంబరులో మౌనా లోవా ప్రేలి, లావా దారిని, విద్యుత్తు తీగలను తెంపెను. కొలతను కొంతకాలము పొరుగు పర్వతమైన మౌనా కేయాకు మార్చి సాగించిరి. 2025లో ఆ పరిశోధనాలయమునకు ధనము నిలుపుదల చేయు ప్రతిపాదన అమెరికా ప్రభుత్వపు బడ్జెటులోనే వచ్చినది.

యంత్రముతో పాటు గాజు కుప్పెలలో గాలి పట్టు పాత పద్ధతిని కూడ విడువలేదు. పట్టువాడు కుప్పెను చేతబట్టి గాలికి ఎదురుగా నిలుచును. తన ఊపిరి కలిసినచో అంకె చెడును గనుక, శ్వాస బిగబట్టి, కుప్పె మూతి తిప్పును.