ఆ ఏడు సీట్లూ ఎవరివి?

అరకు లోక్‌సభ స్థానం ఎస్టీలకు రిజర్వు అయింది. అంటే అక్కడ నామినేషన్ వేసేవాళ్లు ఎస్టీలై ఉండాలి. ఓటు మాత్రం అందరిదీ. పార్వతీపురంలో బట్టల కొట్టు నడుపుకునే వ్యాపారి కూడా అక్కడ ఓటరే. మనకు తెలిసిన రిజర్వుడు సీటు ఇదే. న్యూజిలాండ్ వాళ్లు దీన్ని తిరగేశారు. ఆ దేశ పార్లమెంటులో అక్కడి మూలవాసులైన మావోరీలకు ఏడు సీట్లున్నాయి. వాటిలో ఓటు వేయాలంటే మావోరీ సంతతివాళ్లై ఉండాలి, మావోరీ ఓటర్ల జాబితాలో పేరుండాలి. పోటీకి మాత్రం ఏ జాతివాళ్లైనా దిగొచ్చు, 1967 నుంచి చట్టం అలాగే ఉంది. మన దగ్గర రిజర్వేషన్ అభ్యర్థికి, అక్కడ ఓటరుకు.

ఈ తేడా పట్టుకోకపోతే ఆ ఏడు సీట్ల మీద దశాబ్దాలుగా నడుస్తున్న గొడవ మనకు మన రిజర్వేషన్ల గొడవలాగే కనిపిస్తుంది. పైపైన మాటలు కూడా అవే మరి. ఒకే దేశంలో రెండు ఓటర్ల జాబితాలేమిటని ఒక పక్షం అడుగుతుంది. మా నేల మీద మా మాట చెల్లడానికి మిగిలిన దారి ఇదొక్కటేనని రెండో పక్షం అంటుంది. కానీ లోపలి లెక్క వేరు.

1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధికీ మావోరీ పెద్దలకూ మధ్య వైతాంగి ఒప్పందం కుదిరింది. ఆ రోజు మొదలుకొని కొద్ది నెలల్లో 500 మందికి పైగా పెద్దలు దాని మీద సంతకాలు చేశారు. పన్నెండేళ్లకు, 1852లో, లండన్ పార్లమెంటు ఆ వలసకు ఒక రాజ్యాంగ చట్టం ఇచ్చింది. దాని ప్రకారం సొంత పేరున ఆస్తో కౌలో ఉన్న 21 ఏళ్లు నిండిన మగవాళ్లకే ఓటు. మావోరీల భూమి తెగ మొత్తానికీ ఉమ్మడి సొత్తు. ఒక్కరి పేరున కాగితం ఉండదు. కాబట్టి తాతల నాటి నుంచి ఆ నేల మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఓటు లేకుండా పోయింది. పోడు పట్టాల గొడవ ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ మెలిక విడమరిచి చెప్పక్కర్లేదు.

1860లలో తరనాకి, వైకాటో ప్రాంతాల్లో భూమి కోసం యుద్ధాలు జరిగాయి. ఓడిన తెగల భూములను ప్రభుత్వం పెద్దఎత్తున స్వాధీనం చేసుకుంది. ఆ వేడి చల్లారకముందే, 1867లో, మావోరీ ప్రాతినిధ్య చట్టం వచ్చింది. ప్రతిపాదించినవాడు డొనాల్డ్ మెక్‌లీన్ అనే తెల్ల సభ్యుడు. నాలుగు సీట్లు. 21 ఏళ్లు నిండిన మావోరీ మగవాళ్లందరికీ ఆస్తితో పని లేకుండా ఓటు. తెల్ల మగవాళ్లందరికీ అలాంటి ఓటు రావడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. ఇంతవరకు చూస్తే ఉదారంగానే ఉంది. లెక్క వేస్తే కథ మారుతుంది. అప్పటికి మావోరీలు సుమారు 50 వేలు, వాళ్లకు నాలుగు సీట్లు. వలస వచ్చినవాళ్లు సుమారు రెండున్నర లక్షలు, వాళ్లకు 72. జనాభా ప్రకారం పంచితే మావోరీలకు 14 నుంచి 16 దాకా రావాలి. మావోరీ భూములు ఒక్కొక్కరి పేరున పట్టాలుగా మారుతున్న రోజులవి. పట్టా వస్తే మామూలు ఓటూ వస్తుంది, అప్పుడు ఉత్తర దీవిలో కొన్నిచోట్ల తెల్లవాళ్ల గెలుపే అనుమానంలో పడుతుంది. ఆ భయమూ నాలుగు సీట్ల వెనక ఉంది. నన్నడిగితే, అవి మావోరీలకు ఎక్కువ ఇవ్వడానికి పుట్టినవి కావు, ఇంతకు మించి ఇవ్వకుండా ఉండటానికి పుట్టినవి. ఇవాళ వీటిని ‘ప్రత్యేక హక్కు’ అని వెక్కిరించేవాళ్లు మొదటి వందేళ్ల చరిత్ర తిరగేస్తే మంచిది.

చట్టం పెట్టిన గడువు ఐదేళ్లే. 1872లో మరో ఐదేళ్లు పొడిగించారు, 1876లో గడువే ఎత్తేశారు. మన రాజ్యాంగం 334వ అధికరణంలో పదేళ్లని రాసుకున్న గడువు పొడిగింపు మీద పొడిగింపుగా 2030 దాకా వచ్చిన సంగతి తెలిసిందే. తాత్కాలికం అనే మాట ఎక్కడైనా చట్టం గట్టెక్కించడానికి పనికొస్తుంది కాబోలు.

సీట్లయితే ఇచ్చారు గానీ ఓటును రెండో రకంగానే చూశారు. తెల్లవాళ్లకు రహస్య బ్యాలెట్ 1870లో వచ్చింది. మావోరీలు 1938 దాకా తమ ఓటు ఎవరికో అధికారి ముందు నోటితో చెప్పాల్సి వచ్చింది. వాళ్లకు ఓటర్ల జాబితాలు తయారైంది 1949లో. 1951 దాకా పోలింగ్ రోజు కూడా వేరే. జనాభా ఎంత పెరిగినా సీట్లు మాత్రం 1993 ఎన్నికల దాకా నాలుగే.

అయినా ఆ నాలుగింటి నుంచే గట్టి మనుషులు వచ్చారు. అపిరానా న్గాటా 1905 నుంచి 1943 దాకా తూర్పు మావోరీ సీటు నుంచి సభలో ఉన్నాడు. ఆ దేశపు యాభై డాలర్ల నోటు మీద బొమ్మ ఆయనదే. జేమ్స్ కారల్ మావోరీ సీటులో మొదలుపెట్టి, 1893లో తెల్లవాళ్ల సీటులో గెలిచిన తొలి మావోరీ అయ్యాడు. తర్వాత రాతానా అనే మత ఉద్యమం లేబర్ పార్టీతో చేతులు కలపడంతో 1943 నాటికి నాలుగు సీట్లూ లేబర్ ఖాతాలో పడ్డాయి. దాదాపు యాభై ఏళ్లు అక్కడే ఉన్నాయి. ఖాయంగా పడే ఓటుకు ఏ పార్టీ దగ్గరైనా విలువ తగ్గుతుంది. మావోరీలకూ అదే జరిగింది.

అసలు మలుపు 1975లో వచ్చింది. మావోరీ సంతతివాళ్లు ఏ జాబితాలో ఉండాలో వాళ్లే ఎంచుకోవచ్చని చట్టం చేశారు. ఎన్నికల విధానం మీద నియమించిన రాయల్ కమిషన్ 1986లో, దామాషా పద్ధతి తెచ్చి మావోరీ సీట్లు ఎత్తేయమని సలహా ఇచ్చింది. మావోరీలు ఒప్పుకోలేదు. 1993 చట్టం సలహాలో సగమే తీసుకుంది. దామాషా వచ్చింది, సీట్లు ఉండిపోయాయి. పైగా వాటి సంఖ్యను మావోరీ జాబితాకు ముడిపెట్టారు. జాబితాలో జనం పెరిగితే సీట్లు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. 1996లో ఐదు, 1999లో ఆరు, 2002లో ఏడు. ఇప్పటికీ ఏడే.

ఈ దామాషా లెక్క కాస్త ఓపికగా చూడాలి, వాదన అంతా దీని మీదే నిలబడి ఉంది. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది పార్టీకి. సభలో ఏ పార్టీకి మొత్తం ఎన్ని సీట్లన్నది రెండో ఓటు తేలుస్తుంది. పార్టీ గెలిచిన స్థానిక సీట్లు ఆ వాటాలోనే కలుస్తాయి, మిగతావి పార్టీ ఇచ్చిన జాబితా నుంచి నింపుతారు. 2017లో లేబర్ ఏడు మావోరీ సీట్లూ గెలిచింది. దానివల్ల ఆ పార్టీకి అదనంగా ఒక్క సభ్యుడు కూడా రాలేదు. వాటాలోనే సర్దుబాటైంది.

మరి ఈ సీట్లు చేసేదేమిటి? పార్టీ ఓట్లు ఐదు శాతం దాటకపోతే వాటా రాదు. కానీ ఒక్క స్థానిక సీటు గెలిచినా ఆ గడప దాటినట్టే లెక్క. 2020లో మావోరీ పార్టీకి వచ్చిన ఓట్లు ఒకటిన్నర శాతం కూడా లేవు. వైఆరికి అనే మావోరీ సీటులో ఆ పార్టీ అభ్యర్థి రావిరి వైటిటి గెలవడంతో ఇద్దరు సభ్యులు లోపలికి వచ్చారు. 2023లో సుమారు మూడు శాతం ఓట్లకు నలుగురు రావాలి. ఏడింటిలో ఆరు గెలవడంతో ఆరుగురు వచ్చారు, సభే ఆ మేరకు పెద్దదైంది. విమర్శకుల చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఇదే, దీన్ని తేలిగ్గా తీసేయలేం.

వాళ్ల రెండో వాదనా బలమైనదే. దామాషా వచ్చాక మావోరీలు పెద్ద పార్టీల జాబితాల నుంచీ మామూలు సీట్ల నుంచీ గెలుస్తున్నారు. 2023లో ఎన్నికైన సభలో మావోరీ సంతతివాళ్లు నాలుగో వంతుకు పైనే. జనాభాలో వాళ్ల వాటా అంత లేదు. సీట్లు తీసేయాలని ఏళ్లుగా వాదిస్తున్న రాజకీయ నేత విన్‌స్టన్ పీటర్స్ కూడా మావోరీయే. 1975లో ఆయన తొలిసారి పోటీ చేసి ఓడింది ఉత్తర మావోరీ సీటులోనే.

దీనికి జవాబు 2004లో దొరికింది. తీరప్రాంతం, సముద్రగర్భం మీద తమ హక్కు తేల్చమని మావోరీ తెగలు కోర్టుకు వెళ్లొచ్చని అంతకుముందు ఏడాది అప్పీలు కోర్టు చెప్పింది. లేబర్ ప్రభుత్వం గాభరాపడి, ఆ భూమి ప్రభుత్వానిదేనని చట్టం తెచ్చింది. లేబర్‌లో మావోరీ సభ్యులు చాలామందే ఉన్నారు, ఎక్కువమంది సర్దుకుపోయారు. టరియానా టురియా మాత్రం మంత్రి పదవీ సీటూ వదిలేసి, అదే మావోరీ సీటులో ఉపఎన్నికకు నిలబడి 90 శాతానికి పైగా ఓట్లతో తిరిగి గెలిచింది. మావోరీ పార్టీ అలా పుట్టింది. 2005లో ఏడింటిలో నాలుగు గెలుచుకుంది. 2011లో ఆ చట్టం రద్దై, దాని చోట మరోటి వచ్చింది. పార్టీ జాబితా నుంచి వచ్చిన సభ్యుడు పార్టీకి జవాబుదారీ. టురియా జవాబు చెప్పాల్సింది మావోరీ ఓటర్లకు. సభలో ఎందరు మావోరీలున్నారన్నది ఒక ప్రశ్న, వాళ్లను నిలదీయగలిగేది ఎవరన్నది ఇంకో ప్రశ్న.

ఇక్కడ మనవాళ్లకు ఒక అనుమానం రావడం సహజం. ఓటర్లను విడదీసే ప్రత్యేక నియోజకవర్గాలంటే మనకు 1932 పూనా ఒప్పందం, దాని తర్వాత దేశ విభజన గుర్తొస్తాయి. రాజ్యాంగ సభ ఆ పద్ధతిని వద్దనుకోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. అయితే బ్రిటిష్ వాళ్లు మన దగ్గర ఓటరును ఒక గడిలో పెట్టి తాళం వేశారు. న్యూజిలాండ్‌లో తాళంచెవి ఓటరు దగ్గరే ఉంది. 2023 నుంచి ఎన్నికల ముందు మూడు నెలలు తప్పిస్తే దాదాపు ఎప్పుడైనా జాబితా మారవచ్చు. మావోరీ ఓటర్లలో దాదాపు సగం మంది ఇప్పటికీ మామూలు జాబితాలోనే ఉన్నారు. ఈ సీట్లు అక్కర్లేదని మావోరీలు అనుకున్న రోజున జాబితా ఖాళీ అవుతుంది, సీట్లు వాటంతటవే తగ్గిపోతాయి. ఇంతకన్నా నిజాయితీ గల రెఫరెండం ఏముంటుంది?

అందరి ఓటుతో తేల్చేస్తే ఏమవుతుందో స్థానిక సంస్థల్లో చూశాం. కౌన్సిల్ మావోరీ వార్డు పెట్టాలనుకుంటే, ఓటర్లలో ఐదు శాతం మంది సంతకం చేసి ఊరంతటి పోలింగ్ కోరవచ్చని 2002లో చట్టం చేశారు. గ్రామీణ వార్డు పెట్టడానికి ఈ నిబంధన లేదు, మావోరీ వార్డుకే. 2015లో న్యూ ప్లిమత్ పట్టణంలో 83 శాతం మంది వద్దన్నారు. 2021లో ఆ నిబంధన తీసేశారు, 2022 ఎన్నికల్లో 35 కౌన్సిళ్లలో మావోరీ వార్డులు వచ్చాయి. 2024లో కొత్త ప్రభుత్వం నిబంధనను తిరిగి తెచ్చింది. 2025 అక్టోబరులో 42 కౌన్సిళ్లలో పోలింగ్ జరిగితే సగానికి పైగా చోట్ల తీసేయమన్నారు. మైనారిటీకి గొంతు ఉండాలా వద్దా అని మెజారిటీని అడిగితే వచ్చే జవాబు ఎక్కువచోట్ల ఇదే.

పార్లమెంటులోని ఏడు సీట్లకూ గట్టి రక్షణ లేదు. కొన్ని ఎన్నికల నిబంధనలు మార్చాలంటే సభలో 75 శాతం మద్దతో, రెఫరెండమో కావాలి. ఈ సీట్లు రద్దు చేయడానికి మామూలు మెజారిటీ చాలు.

ఆక్లాండ్‌లో, వెల్లింగ్టన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఒక మాట. ఆ దేశంలో శాశ్వత నివాసం పొంది ఏడాది ఉంటే చాలు, పౌరసత్వం రాకముందే ఓటు వస్తుంది. మావోరీ జాబితా మనది కాదు, రేపు ఈ సీట్ల మీద రెఫరెండమంటూ జరిగితే దాంట్లో మాత్రం మన ఓటూ ఉంటుంది. ఆ ఓటు వేసేముందు 1852 నుంచి 1938 దాకా అక్కడ ఎవరు ఎలా ఓటు వేశారో ఒకసారి చదవండి.