రైన్ నదీతీరమున తిరునాళ్లు

మాఘమాసము వచ్చినదనగా జగ్గయ్యపేట, నందిగామ దారులన్నియు పెనుగంచిప్రోలు వైపే సాగును. మునేటి యొడ్డున శ్రీ తిరుపతమ్మవారి పెద్ద తిరునాళ్లు మాఘ పూర్ణిమకు జరుగును. రెండేండ్ల కొకసారి అమ్మవారి విగ్రహములు రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు ఊరేగి వచ్చుట మన శ్రోతలకు క్రొత్త గాదు. ఇంచుమించు ఆ ఋతువుననే జర్మనీలో రైన్ నది యొడ్డునున్న కొలోన్ నగరమున కార్నివాల్ అను ఉత్సవము జరుగును.

ఈ కాలసామ్యమునకు కారణము చంద్రుడు. క్రైస్తవుల ఈస్టరు వసంతకాలపు పూర్ణిమను బట్టి నిర్ణయమగును. దానికి 48 దినములు ముందు వచ్చు సోమవారమే కార్నివాల్‌లో ముఖ్యదినము. అది తరచు మన మహాశివరాత్రి చెంతనే పడును. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న, ఆ సోమవారము 20న వచ్చినవి. మనము ఉపవాసముండు దినములలో వారు రాబోవు 40 దినముల ఉపవాసమునకు ముందటి విందు చేసికొందురన్నమాట!

సోమవారమునకు ముందు గురువారమున స్త్రీలు కత్తెరలు చేతబట్టి పురుషుల మెడలోని టైలు కత్తిరింతురు. ఎంతటి అధికారియైనను కాదనరాదు. 1823లో నేటి రూపముదాల్చిన ఊరేగింపులో కొందరు పూర్వపు నగర సైనికుల దుస్తులు ధరించి వారినే వెక్కిరింతురు. మన పగటివేషగాండ్రు చూచినచో మెచ్చుకొందురు. బండ్లమీదినుండి జనముపైకి మిఠాయిలు విసరుదురు.

ఇక పానీయము. కొలోన్‌వారి లేత పసుపు బీరు పేరు కోల్ష్. 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసులో ఇత్తురు. గ్లాసుపై అట్టబిళ్ల మూతవేయువరకు సేవకుడు వద్దన్నను మరల తెచ్చిపెట్టుచునే యుండును. ప్రక్కనున్న డ్యూసెల్‌డార్ఫ్‌వారు తమ ముదురు రంగు ఆల్ట్ తప్ప వేరొకటి బీరే కాదందురు. బొహీమియాలోని పిల్సెన్‌లో 1842లో చల్లని నేలమాళిగలందు పులియబెట్టిన బంగారు వన్నె బీరు మాత్రము ప్రపంచమంతట వ్యాపించినది.

నాకు వింత గొలిపినది బెల్జియము వారి లాంబిక్. దానికి ఈస్టు కలుపరు. మరగించిన ద్రవమును చలికాలపు రాత్రి వెడల్పాటి తొట్టెలలో తెరచి యుంచినచో, గాలిలోను కఱ్ఱపీపాలలోను నున్న సూక్ష్మజీవులే దానిని పులియబెట్టును. మన తాటికల్లు పులియుటయు ఇట్లే. కాని బార్లీలోనిది పిండి. మొలకెత్తించినగాని చక్కెర కాదు. తాటిగెల చక్కెరనే కార్చును. అందుచే కల్లు ఉదయమున తీపి, మధ్యాహ్నమునకు పులుపు, మరునాటికి పనికిరాదు. హాప్స్ అను తీగె పువ్వుల చేదు బీరును నిలువయుంచును. నిలువయుండునది కర్మాగారమునకు పోయినది. నిలువయుండనిది గీతవాని భుజముపైననే మిగిలినది.

మంగళవారము రాత్రి కొలోన్‌వారు మద్యశాల ముంగిటి గడ్డిబొమ్మను దించి, త్రాగిన త్రాగుడునకును, వ్యయమైన ధనమునకును దానినే దోషిగా నిర్ణయించి తగులబెట్టుదురు. మనకు ఆ లెక్క అంత సులువుగా తీరలేదు. మద్యనిషేధ విషయమున ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో పడిపోయినది. నిషేధముచే పొట్టకూడు పోయిన గీతకార్మికుల మొర ఆనాటి వాదమునకు మూలము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. కుండలోపల సున్నము పూసినచో అదే రసము పులియక నీరాగా దిగును, కాచినచో తాటిబెల్లమగును. చెట్టెక్కుటలోని ప్రమాదము మాత్రము రెండింటికిని ఒక్కటే.