పెద్దజాతి కుక్కపిల్లల ఎదుగుదల, ఆహారం

ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్ వంటి జాతుల పిల్లలను పెంచే ఇళ్ళలో రెండు ప్రశ్నలు తరచు వినిపిస్తాయి. "పిల్ల పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి, సరిగా ఎదగడం లేదా?" అనేది ఒకటి. "ఎముకలు గట్టిపడటానికి ఏ కాల్షియం సిరప్ మంచిది?" అనేది రెండోది. ఈ రెండు ప్రశ్నల వెనుక ఉన్న ఆందోళన సహజమే. కాని ఆ ఆందోళనతో చేసే పనులే చాలాసార్లు పిల్ల కాళ్ళను చెడగొడతాయి. అలా ఎందుకు జరుగుతుందో ఈ భాగంలో తెలుసుకుంటారు. పెద్దయ్యాక సుమారు 25 కిలోలు దాటే జాతులను ఇక్కడ పెద్దజాతులుగా పరిగణిస్తున్నాం.

5.4.1 ఎముక ఎదిగే తీరు

పుట్టినప్పుడు అర కిలోకు అటూ ఇటూగా ఉండే ల్యాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి 25-30 కిలోలకు చేరుతుంది. ఈ వేగానికి తగ్గట్టు కాళ్ళ ఎముకలు పొడవు కావాలి. పొడవాటి ఎముకల చివర్లలో వృద్ధి ఫలకాలు అనే మృదులాస్థి పొరలు ఉంటాయి. ఇక్కడ కొత్త మృదులాస్థి ఏర్పడుతూ, పాతది క్రమంగా ఎముకగా మారుతుంది. పెద్దజాతులలో ఈ ఫలకాలు పూర్తిగా మూసుకోవడానికి జాతిని బట్టి 12 నుంచి 18 నెలలు పట్టవచ్చు. అంతవరకు ఎముకల చివర్లు మెత్తగానే ఉంటాయి. బరువు వేగంగా పెరిగితే ఆ భారమంతా ఈ మెత్తని భాగాలమీద, ఇంకా కుదురుకోని కీళ్ళమీద పడుతుంది.

5.4.2 అతి ఆహారం

ల్యాబ్రడార్లపై అమెరికాలో జరిగిన ఒక దీర్ఘకాలిక పరిశోధనను మీరు గుర్తుంచుకోవాలి. 48 పిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ ఆహారం జీవితాంతం ఇచ్చారు. రెండేళ్ళ వయసులో తుంటికీలు లోపం కడుపునిండా తిన్న గుంపులో ఎక్కువగా, తక్కువ తిన్న గుంపులో బాగా తక్కువగా కనిపించింది. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్ళు, రెండో గుంపుది 11.2 ఏళ్ళు. తుంటికీలు లోపానికి వంశపారంపర్యం ముఖ్య కారణమే. అయితే ఆ లోపం ఎంతవరకు బయటపడుతుందన్నది చాలావరకు గిన్నెలో పోసేదాన్ని బట్టి ఉంటుంది. తక్కువ తిన్న పిల్ల పొట్టిగా మిగిలిపోదు. దాని తుది ఎత్తును ప్రధానంగా జన్యువులే నిర్ణయిస్తాయి, అక్కడికి కాస్త నెమ్మదిగా చేరుతుంది, అంతే.

మాంసకృత్తులు ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయని చాలామంది నమ్ముతారు. గ్రేట్ డేన్‌లపై జరిపిన ప్రయోగాలలో ఇది రుజువు కాలేదు. హాని చేసేవి అధిక క్యాలరీలు, అధిక కాల్షియం.

5.4.3 కాల్షియం: ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే

పెద్ద కుక్క పేగులు అవసరాన్ని బట్టి కాల్షియాన్ని తీసుకుని మిగతాది విడిచిపెట్టగలవు. సుమారు ఆరు నెలలలోపు పిల్లకు ఈ నియంత్రణ సరిగా ఉండదు. పెట్టిన కాల్షియంలో పెద్ద భాగం రక్తంలోకి చేరుతుంది. దాన్ని తగ్గించడానికి శరీరం కాల్సిటోనిన్ హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. ఫలితంగా ఎముక తనను తాను కరిగించుకుని మళ్ళీ కట్టుకునే పని మందగిస్తుంది, మృదులాస్థి ఎముకగా మారడం ఆలస్యమవుతుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లలకు 3.3 శాతం కాల్షియం ఉన్న ఆహారం ఇచ్చినప్పుడు అస్థి లోపాలు ఏర్పడ్డాయి. అందుకే పెద్దజాతి పిల్లల ఆహారంలో కాల్షియం, తేమ తీసివేసిన లెక్కలో, 1.8 శాతం మించకూడదని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. 'పెద్దజాతి పిల్లలకు' అని రాసి ఉన్న సంపూర్ణాహారం పెడుతూ పైన సిరప్ పోయడం ఈ హద్దును దాటించడమే.

మరి మన ఇళ్ళలో పెట్టే చికెన్ అన్నం, పెరుగన్నం సంగతేమిటి? ఇక్కడ సమస్య తలకిందులవుతుంది. లెక్క చేసి చూద్దాం. మూడు నెలల పిల్ల బరువు 10 కిలోలు అనుకోండి. బరువును బరువుతోనే గుణించి మరోసారి బరువుతో గుణించండి: 1000. దీనికి వరుసగా రెండుసార్లు వర్గమూలం తీస్తే 5.62 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే విశ్రాంతి స్థితిలో కావలసిన శక్తి, సుమారు 394 కిలోక్యాలరీలు. నాలుగు నెలలలోపు పిల్లకు దీనికి మూడు రెట్లు, అంటే 1180 కిలోక్యాలరీలు ఒక ఆరంభ అంచనా. ప్రతి 1000 కిలోక్యాలరీలకు 3 గ్రాముల చొప్పున రోజుకు సుమారు 3.5 గ్రాముల కాల్షియం కావాలి. 300 గ్రాముల ఎముకలేని చికెన్‌లో ఉండేది 40 మిల్లీగ్రాములకు లోపే! పైగా అందులో భాస్వరం 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఈ అసమతుల్యత కొనసాగితే పిల్ల శరీరం తన ఎముకలలోని కాల్షియాన్నే తోడుకుంటుంది. ఎముకలు పలచబడి, చిన్న గెంతుకే విరిగే స్థితి వస్తుంది. రాగుల్లో కాల్షియం ఎక్కువే అయినా అందులోని ఫైటేట్లు దాని శోషణను తగ్గిస్తాయి. కాబట్టి రాగిజావ ఒక్కదానితో ఈ లోటు తీరదు. ఇంటి వంట పెట్టేవారు కాల్షియం కలపవలసిందే, కాని మోతాదును పశువైద్యుడు ఆ వంటకాన్ని చూసి లెక్కగట్టాలి.

5.4.4 ఇంట్లో గమనించవలసినవి

వారానికొకసారి బరువు తూచి రాసుకోండి. చేతులతో తడిమితే పక్కటెముకలు సులువుగా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. అంటే మొదట చెప్పిన 'పక్కటెముకలు తగులుతున్నాయి' అన్నది చాలాసార్లు మంచి గుర్తే. దూరం నుంచే ఎముకలన్నీ కనిపిస్తుంటే మాత్రం నులిపురుగుల పరీక్ష చేయించాలి. ఆహారం రోజంతా గిన్నెలో వదలకుండా, కొలిచి మూడు నాలుగు పూటలుగా పెట్టండి.

కుంటడం, కుందేలులా వెనుక కాళ్ళు రెండూ కలిపి గెంతడం, ముందుకాళ్ళు బయటికి వంగడం, లేవడానికి బద్ధకించడం కనిపిస్తే ఎక్స్‌రే అవసరమవుతుంది. "ఎదిగే వయసులే" అని ఊరుకోవద్దు. మనుషుల నొప్పి మాత్రలు అసలే వేయవద్దు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

అయిదు నెలల జర్మన్ షెపర్డ్ పిల్ల బరువు 16 కిలోలు. ఈ వయసులో విశ్రాంతి శక్తికి రెండు రెట్లు సరిపోతుంది. రోజూ అన్నంతోపాటు అర కిలో ఎముకలేని చికెన్, అర లీటరు పాలు (100 మి.లీ.కు 120 మి.గ్రా. కాల్షియం) పెడుతున్నారు. అన్నంలోని కాల్షియాన్ని వదిలేసి, రోజువారీ లోటు ఎంతో కట్టండి.