తీగ తెగినా మాట తెగదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తాటిచెట్లంత ఎత్తున అలలు వచ్చాయని అక్కడి పెద్దలు చెబుతారు. వేలమంది చనిపోయారు. టెలిఫోను స్తంభాలు కూలిపోయాయి. రోడ్లు తెగిపోయాయి. ఊళ్లు ఏమయ్యాయో బయటివాళ్లకు వెంటనే తెలియలేదు. కబురు ఆలస్యమైతే సాయం కూడా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా, ఇంకేం భయం అనుకుంటాం. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కరెంటు పోయింది. ఫోన్లలో చార్జింగు అయిపోయింది.

అలాంటప్పుడు పనికొచ్చేది హామ్ రేడియో. దీనికి తీగ అక్కరలేదు. సెల్ టవరూ అక్కరలేదు. ఒక రేడియో నుంచి ఇంకో రేడియోకు మాట గాలిలో నేరుగా పోతుంది. హుద్‌హుద్ సమయంలో హామ్‌లు ఇలాగే కబుర్లు అందించారు.

కారులో బిగించడం

కారులో, జీపులో పెట్టుకునే సెట్టును మొబైల్ సెట్టు అంటారు. అది 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. పటమట ఆటోనగర్‌లో కార్ల వైరింగు చేసేవాళ్లకు ఈ పని కష్టం కాదు. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు, నేరుగా బ్యాటరీ దగ్గరే కలపాలి. మధ్యలో ఫ్యూజు ఉండాలి. తీగలు తారుమారైతే సెట్టు పాడవుతుంది.

కారు పైకప్పు మీద సుమారు అర మీటరు పొడవు ఏరియల్ బిగించాలి. ఏరియల్ లేకుండా మాట్లాడే మీట నొక్కకూడదు. నొక్కితే సెట్టు లోపల కాలిపోవచ్చు.

నంబరు పెట్టడం

మన దేశంలో ఇలాంటి సెట్లతో హామ్‌లు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు వాడతారు. ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఇద్దరి సెట్లలో ఒకే నంబరు ఉండాలి. ఒకరు 145.500 పెట్టి, ఇంకొకరు 145.050 పెడితే ఎంత అరిచినా వినపడదు. అంకెలు చూసి చదవాలి. కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అంకె తప్పితే మాట పోయినట్టే.

ఊరికే వచ్చే బుస శబ్దాన్ని ఆపడానికి స్క్వెల్చ్ అనే మీట ఉంటుంది. బుస ఆగేదాకా మాత్రమే తిప్పాలి. ఇంకా తిప్పితే దూరపు మాటలు కూడా ఆగిపోతాయి.

ఎత్తయిన చోట రిపీటర్ అనే యంత్రం పెడతారు. అది ఒక నంబరు మీద విని, అదే మాటను ఇంకో నంబరు మీద దూరానికి పంపుతుంది. అది 145.700 మీద పంపేదైతే 145.100 మీద వింటుంది. అందుకే సెట్టులో "మైనస్ 600" అని పెట్టాలి. కొన్ని రిపీటర్లకు టోన్ కూడా కావాలి. అది తాళంచెవి లాంటిది. టోన్ సరిపోతేనే రిపీటర్ పలుకుతుంది.

ఇవన్నీ సరిచేశాక మెమరీలో దాచుకోవాలి. ఆపదలో ఒక్క మీటతో ఆ నంబరు వస్తుంది. మీటలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి. సెట్టుతో వచ్చిన పుస్తకం చూసుకోవాలి. ఈ పని తుపాను రాకముందే చేయాలి.

మాట్లాడడం

ముందు వినాలి. ఎవరూ మాట్లాడకపోతే మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, పేరుకు బదులు తన కాల్‌సైన్ చెప్పాలి. మాట అయ్యాక "ఓవర్" అని మీట వదలాలి. మీట నొక్కినంతసేపూ ఎదుటివారి మాట వినపడదు.

పటమట నుంచి అవనిగడ్డకు మాట నేరుగా అందకపోవచ్చు. అప్పుడు దారిలో పామర్రు దగ్గర ఇంకో బండి ఆగితే చాలు. అక్కడివారు ఒకవైపు విన్నది రెండోవైపుకు చెబుతారు. విన్నది విన్నట్టే నోట్‌బుక్కులో రాయాలి. ఏ ఊరు, ఎంతమంది, ఏం కావాలి, ఎన్ని గంటలకు? 20 మంది అని చెబితే 200 అని రాయకూడదు. పడవలు, మందులు ఆ లెక్క చూసే బయలుదేరతాయి.

లైసెన్సు

హామ్ కావాలంటే 12 ఏళ్లు నిండాలి. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసవాలి. లైసెన్సుతో పాటు "వి.యు."తో మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తారు. లైసెన్సు లేకుండా ఈ సెట్టు వాడితే నేరం. వ్యాపారం మాటలు, పాటలు ఇందులో పనికిరావు. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. అది ఈ విద్య నేర్పుతుంది.

ఉప్పెనను ఎవరూ ఆపలేరు. కాని కబురు ఆగకుండా చూడవచ్చు. కబురు వేళకు అందితే ప్రాణాలు నిలుస్తాయి.