కాటా మీద తూగే నీళ్లు

వైశాఖం ముగిసి జ్యేష్ఠం ప్రవేశించే రోజులు. కృష్ణా డెల్టాలోని ఒక పల్లె వీధిలో కట్టెల ట్రాక్టరు ఆగింది. ట్రక్కు నిండా సుబాబుల్ కట్టె. మొన్ననే నరికినది కాబోలు, బెరడు మీద పచ్చదనం ఇంకా వాడలేదు. పక్క ఊరి అడితిలో ఎండు కట్టె కిలో ఎనిమిది రూపాయలు పలుకుతుండగా ఇతడు ఐదుకే ఇస్తానంటున్నాడు. "మళ్లీ ఈ ధర రాదమ్మా, వానలు పడితే అడిగినా దొరకదు" అని తొందర పెడుతున్నాడు. ఇంటి పెద్దామె గడప దిగి వచ్చి ఒక కట్టె చేతిలోకి తీసుకున్నది. బరువు చూసింది, కొస చూసింది.

"కట్టెకు ఐదు సరేనయ్యా, ఇందులో నీళ్లకు ఎంత?" అని అడిగింది.

పరిహాసంగా వినిపించే ఆ ప్రశ్నలో వంటచెరకు ఆర్థికశాస్త్రం దాదాపు అంతా ఇమిడి ఉన్నది. అప్పుడే నరికిన చెట్టు బరువులో సుమారు సగం నీరే ఉంటుంది. జాతిని బట్టి, ఋతువును బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. నూరు కిలోల పచ్చి కట్టె కొన్నవాడు ఏభై కిలోల కలపనూ ఏభై కిలోల నీటినీ ఇంటికి తెచ్చుకుంటాడు. గాలికి, ఎండకు బాగా ఆరిన కట్టెలోనైనా ఐదో వంతు నీరు మిగిలే ఉంటుంది. కాబట్టి నూరు కిలోల ఎండు కట్టెలో కలప ఎనభై కిలోలు. ఇప్పుడు లెక్క కట్టి చూడండి. ఐదు రూపాయల పచ్చి కట్టెలో అసలు కలప కిలో పది రూపాయలు పడుతుంది. ఎనిమిది రూపాయల ఎండు కట్టెలోనూ సరిగ్గా పది రూపాయలే. ట్రాక్టరువాడు చూపిన మూడు రూపాయల లాభం ఆవిరైపోయింది.

పచ్చి కట్టెను ఆరకముందే పొయ్యిలో పెడితే నష్టం ఇంకా పెరుగుతుంది. పూర్తిగా ఎండిన కలప కిలో ఒకటికి సుమారు 4,500 కిలోకేలరీల వేడినిస్తుంది. ఒక కిలో నీటిని మరిగించి ఆవిరిగా వెళ్లగొట్టడానికి సుమారు 600 కిలోకేలరీలు కావాలి. ఈ లెక్కన సగం నీరున్న కట్టె తన వేడిలో ఏడో వంతు మాత్రమే నీటికి ధారపోయాలి. అంతే అయితే గృహిణి సర్దుకుపోవచ్చు. అసలు నష్టం మరొక చోట ఉన్నది. కట్టె వేడెక్కినప్పుడు దానినుండి మండే వాయువులు వెలువడతాయి. మనం మంట అని పిలిచేది ఆ వాయువులు కాలడమే. తడి వల్ల పొయ్యి చల్లబడితే అవి కాలకుండానే పొగగా లేచిపోతాయి. పొగ అంటే కాలని కట్టె. డబ్బు పెట్టి కొన్న ఇంధనమే దూలాలకు మసిగా, ఊదుగొట్టం పట్టిన మనిషి ఊపిరితిత్తులకు విషంగా చేరుతుంది.

ఇక ఏ చెట్టు కట్టె మంచిదన్న వివాదం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. తుమ్మను మించినది లేదని ఒకరు, సరుగుడే మేలని ఒకరు, చింత మొద్దు రాత్రంతా నిప్పు నిలుపుతుందని మరొకరు. ఈ వివాదానికి సమాధానం చెట్టులో కంటె కొలతలోనే ఎక్కువగా దొరుకుతుంది. బాగా ఎండిన పక్షంలో కిలోకు కిలో చూస్తే అన్ని జాతుల కలపా ఇంచుమించు ఒకే వేడినిస్తుంది. తేలికైన బూరుగు కిలో అయినా, గట్టి తుమ్మ కిలో అయినా పెద్ద తేడా లేదు. తేడా అంతా పరిమాణంలో ఉన్నది. ఒక కిలో బూరుగు, ఒక కిలో తుమ్మకంటె రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది, గభాలున మండి చప్పున ఆరిపోతుంది. అందువల్ల కాటా వేసి కొనేటప్పుడు చూడవలసింది కట్టె ఎండిందా లేదా అని. బండి లెక్కన, ట్రక్కు లెక్కన కొనేటప్పుడు చూడవలసింది కట్టె గట్టిదా కాదా, పేర్చడంలో సందులెన్ని వదిలాడు అని. వంకర కొమ్మలను అడ్డదిడ్డంగా వేస్తే ట్రక్కులో చాలా భాగం గాలే ఉంటుంది. కాటా కొనుగోలులో నీటికి, ట్రక్కు కొనుగోలులో గాలికి డబ్బు చెల్లించే ప్రమాదం ఉన్నదన్నమాట.

సరుగుడునే కొన్ని చోట్ల సర్వి అంటారు. ఇది మన దేశపు చెట్టు కాదనుకునేంత నిటారుగా కోస్తా ఇసుక నేలల్లో నిలిచి ఉంటుంది. 1860ల నాడు మద్రాసు రాజధానిలో దీని తోటలు విస్తారంగా వేసినది రైలు ఇంజన్లకు వంటచెరకు కోసం. ఎంత బరువైన కలప అంటే పచ్చిగా ఉన్నా మండుతుందని పేరు తెచ్చుకున్నది. ఆ పేరే కొనేవారిని మోసగిస్తుంది. మండుతుంది నిజమే, ఎండితే ఇంకా ఎంతో బాగా మండేది. రాయలసీమలోను, తెలంగాణ మెట్టభూముల్లోను పేదవాడి ఇంధనం సర్కారు తుమ్మ. 1870లలో దీని విత్తనాలను విదేశాల నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటినట్లు అటవీ గ్రంథాలు చెబుతాయి. తరువాత అది ఎవరూ నాటనక్కరలేకుండానే చెరువు గట్లనూ బీళ్లనూ ఆక్రమించింది. రైతులు దానిని ఎంత తిట్టినా పొయ్యి మాత్రం దీవిస్తుంది. ముళ్లు గీరుకునే కష్టమొకటి భరిస్తే దాని కలప గట్టిది, నిప్పు నిలిచేది. సుబాబుల్, జామాయిల్ మధ్యస్థం. మునగ, బూరుగు వంటివి పొయ్యి రాజెయ్యడానికే తప్ప అన్నం ఉడకడానికి చాలవు. గన్నేరు, నల్లజీడి కట్టెలను మాత్రం పొయ్యి ఛాయకు రానివ్వరాదు; వాటి పొగ హానికరం. రంగు వేసిన పాత తలుపు ముక్కలు, ప్లాస్టిక్కు, టైరు ముక్కలు కూడ ఆ కోవలోవే.

కొనేవారు కట్టె ఎండిందని తెలుసుకునేదెట్లా? ఎండిన కట్టె కొసలో కేంద్రం నుంచి అంచుకు చీలికలు విచ్చుకుని ఉంటాయి. బెరడు గోరుతో లాగితే ఊడివస్తుంది. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటాయి. పచ్చివైతే మొద్దుబారిన చప్పుడు చేస్తాయి. ట్రక్కు పైవరస కట్టెలు చూసి ఊరుకోక అడుగునుంచి ఒకటి లాగించి, చీల్చి, లోపలి ముఖాన్ని చెంపకు తాకించి చూడాలి. చల్లగా తగిలితే తడి ఉన్నట్లే. వీటన్నింటికంటె నమ్మదగిన పరీక్ష మరొకటున్నది. ఇంట్లో పేర్చిన కట్టెల్లో ఒకదానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి వారానికొకసారి తూచడం. బరువు తగ్గుతున్నంత కాలం అది ఆరుతున్నట్లు. తగ్గడం ఆగిన వారం అది పొయ్యికి సిద్ధమైనట్లు.

నిలవ చెయ్యడంలో మొదటి పని చీల్చడం. దుంగను దుంగగా ఉంచితే ఏడాది గడిచినా నడుమ తడి పోదు, ఎందుకంటే బెరడు నీటిని బయటకు రానివ్వదు. మణికట్టు మందాన చీల్చిన కట్టె మన వేసవిలో ఒకటి రెండు నెలల్లో ఆరుతుంది. కాబట్టి పచ్చి కట్టె కొనదలచినవారు మాఘ ఫాల్గుణాల్లోనే కొని చీల్పించాలి. నేల మీద నేరుగా పేర్చరాదు. రాళ్లో తాటి మొద్దులో పరచి జానెడు ఎత్తున పేరిస్తే చెమ్మ ఎక్కదు, చెదలు పట్టవు. గాలి వీచే దిక్కుకు కట్టె కొసలు తిరిగి ఉండాలి. నీరు ప్రధానంగా కొసల గుండానే బయటపడుతుంది. వాన నుంచి కాపాడుదామని టార్పాలిన్ తెచ్చి నేలదాకా కప్పేస్తారు చాలామంది. దానివల్ల లోపలి ఆవిరి లోపలే ఉండి కట్టెకు బూజు పడుతుంది. పైన మాత్రం కప్పి పక్కలు వదిలెయ్యాలి. ఇంటి గోడకు ఆనించక జానెడు సందు ఉంచితే గోడకూ మంచిది, కట్టెకూ మంచిది. ఆ సందులో తేళ్లు, పాములు చేరవచ్చు గనుక చీకట్లో చెయ్యి పెట్టరాదని వేరే చెప్పాలా?

లడఖ్ ఇళ్లలో కట్టెల నిలవ ఇంటి కప్పు మీదనే ఉంటుంది. విల్లో, పోప్లార్ కొమ్మలను పైకప్పు అంచు చుట్టూ పిట్టగోడలా పేరుస్తారు. చెట్లే అరుదైన ఆ శీతల భూమిలో కప్పు మీది కట్టె ఇంటివారి కలిమిని వీధికి చాటుతుంది. ఉత్తర భారతపు మైదానాలలో పిడకలను ఇల్లంత ఎత్తున గోపురంలా పేర్చి, పైన పేడతో మెత్తి, వేళ్లతో ముగ్గులు తీర్చుతారు; వాన ఆ పూతను దాటి లోపలికి పోదు. తెలుగు ఇళ్లలో పొయ్యి పైనున్న అటక ఈ పని చేసేది. రేపటి కట్టెను నేటి మంట ఆరబెట్టేది. పూరిళ్లలో ఈ పద్ధతి నిప్పుతో చెలగాటమే.

ఎంత ఎండిన కట్టె అయినా పొగ అసలే రాకుండా ఉండదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు ఈ సంగతిని పట్టించుకుని, మట్టితో కట్టి గొట్టం అమర్చిన పొయ్యి నొకదానిని రూపొందించారు. 1953లో ఆయన కోట్లాది ఇళ్లకు పొగలేని వంటగదుల గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకమే వెలువరించారు. ముప్ఫై ఏళ్ల తరువాత, 1983లో, కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఆరంభించింది. 2002 నాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. వాటిలో చాలా భాగం పగిలి, గొట్టం మసితో పూడి మూలపడ్డాయి. మసి దులపడమనే చిన్న పనిని ఎవరు చెయ్యాలో ఏ పథకమూ చెప్పలేదు. 2016లో ఉజ్జ్వల పథకం కింద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. అయినా 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనంతో వండుకునే కుటుంబాలు సుమారు 59 శాతమే. మిగిలిన ఇళ్లలో కట్టె, పిడక, కంప ఉన్నాయి. గ్యాసు ఉన్న ఇళ్లలోనూ స్నానాల కాగు కింద మండేది చాలా చోట్ల కట్టే.

ఇట్టివారికి కట్టె ఒక్కటే దిక్కు కాదు. పత్తి కంప, కంది కంప పొలంలో ఉచితంగా దొరుకుతాయి. అవి త్వరగా కాలిపోతాయి గనుక పక్కన కూర్చుని ఎగదోస్తూ ఉండాలి. ఉచితమైన ఇంధనానికి మనిషి కాలమే మూల్యం. రంపపు పొట్టును డబ్బాలో నడుమ సీసా నిలిపి గట్టిగా దట్టించి, సీసా మెల్లగా తీసేస్తే ఆ రంధ్రమే పొయ్యి అవుతుంది. పొట్టు ఎండినదైతే గంటల తరబడి నిదానంగా కాలుతుంది. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టే ఆచారమున్నచోట మాత్రం కిటికీ తెరిచి ఉంచడం ప్రాణావసరం. పొగ కనిపించని ఆ నిప్పుల నుంచే వాసన లేని విషవాయువు పుడుతుంది.

కృష్ణా డెల్టా వీధిలో బేరం ఇంకా తెగలేదు. ట్రాక్టరువాడు నాలుగున్నరకు దిగాడు, ఆమె నాలుగు దగ్గరే నిలబడింది. నాలుగైతే ఆ పచ్చి కట్టెలోని కలప కిలో ఎనిమిదికే వచ్చినట్లు. అయితే తొలకరి పది పదిహేను రోజుల దూరంలో ఉన్నది, ఇంతలో అది ఆరదు. ఆమె ఆ సంగతీ ఆలోచించే ఉన్నది. కొడుకును అడితికి పంపి వానాకాలానికి సరిపడా ఎండు కట్టె ఎనిమిదికే తెమ్మన్నది. ఈ పచ్చి కట్టెను చీల్పించి పశువుల కొట్టం చూరు కింద పేర్పిస్తే కార్తీకం నాటి స్నానాలకు పనికి వస్తుంది. చివరకు నాలుగుకు ఒప్పుకుని అతడు కాటా దించాడు. ఆమె పళ్లెంలో ముందుగా పడిన తడి బెరడు ముక్కలను ఏరి పక్కన పడేసి, అప్పుడు తూచమన్నది.